ఎవరి చేతులు, ఎవరి పేరు? - హైదరాబాదు శస్త్రవైద్యుడు ఎడ్వర్డ్ లారీ వృత్తిజీవితంలో జాతిరేఖ

వ్యాససంగ్రహం

పందొమ్మిదో శతాబ్దపు చివరి దశకాలలో హైదరాబాదు రెసిడెన్సీ సర్జన్‌గా పనిచేసిన ఎడ్వర్డ్ లారీ, నిజాం ప్రభుత్వ వ్యయంతో రెండు క్లోరోఫారం కమిషన్లను నిర్వహించారు. ప్రపంచ మత్తువైద్య చరిత్రలో హైదరాబాదు పేరు వాటివల్లే నిలిచింది. తెల్లవారికీ భారతీయులకూ వేరువేరు మెట్లు నిర్ణయించిన వలస వైద్యవ్యవస్థలో ఒక శస్త్రవైద్యుని వృత్తి ఎలా సాగింది, ఆ వృత్తిలో పాలుపంచుకున్న స్థానికుల శ్రమకు ఎలాంటి గుర్తింపు దక్కింది అనే ప్రశ్నలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. మద్రాసు వైద్య కళాశాలలో యల్లాప్రగడ సుబ్బారావు అనుభవాన్ని, దక్షిణాఫ్రికాలో హామిల్టన్ నాకీ ఉదంతాన్ని పోలికకు తీసుకుంటుంది. జాతిరేఖ ప్రవేశద్వారం దగ్గర మాత్రమే కాక, శ్రమకు పేరు పెట్టే చోట కూడా పనిచేసిందన్నది ఈ వ్యాస ప్రతిపాదన.

కీలక పదాలు: ఎడ్వర్డ్ లారీ, హైదరాబాదు క్లోరోఫారం కమిషన్, హైదరాబాదు వైద్య పాఠశాల, రూపాబాయి ఫర్దూన్‌జీ, ఇండియన్ మెడికల్ సర్వీసు, జాతిరేఖ.

1. ఉపోద్ఘాతం

హైదరాబాదు నుంచి మచిలీపట్నం వైపు సాగే పాత బాటలో చౌటుప్పల్ ఒక మజిలీ. నల్లగొండ ప్రాంతపు రోగులు రాజధానిలోని పెద్ద దవాఖానాకు చేరడానికి ఈ బాటనే నమ్ముకోవాల్సి వచ్చేది. మూసీ ఒడ్డున 1866లో ప్రారంభమైన అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి ఆ రోజుల్లో పెద్ద దవాఖానా. 1908 సెప్టెంబరు 28న వచ్చిన మూసీ వరద దాన్ని తుడిచిపెట్టింది. నేటి ఉస్మానియా ఆసుపత్రి దానికి వారసత్వ సంస్థ. శస్త్రచికిత్స బల్లపై పడుకున్న గ్రామీణ రోగి ముఖానికి దగ్గరగా క్లోరోఫారం గుడ్డను పట్టుకున్న చేయి ఎవరిది? ఆ రోగి నిద్రలేచి ఇంటికి వెళ్ళిన ఘనత ఎవరి ఖాతాలో చేరింది? స్థానిక చరిత్ర అడగదగిన ప్రశ్నలు ఇవి.

పరిభాష విషయంలో ఒక వివరణ అవసరం. తెలుగులో 'జాతి' అనే మాటకు కులం, దేశ ప్రజలు, మానవ సమూహం అనే అర్థాలన్నీ ఉన్నాయి. ఈ వ్యాసంలో ఆ మాటను యూరోపియన్, యురేషియన్, భారతీయుడు అనే వలసపాలనా విభజనకు మాత్రమే వాడుతున్నాము. హైదరాబాదు సమాజంలో కులం, మతం, భాష, ముల్కీ-గైర్‌ముల్కీ భేదాలు కూడా బలంగా ఉన్నాయి. అవి ఈ విభజనతో కలిసి పనిచేశాయే తప్ప దానిని రద్దు చేయలేదు.

2. వైద్యసేవలో నిచ్చెనమెట్లు

వలస భారతదేశంలో శస్త్రవైద్యుని స్థానాన్ని నిర్ణయించినది ఇండియన్ మెడికల్ సర్వీసు. ఇది సైనిక హోదా కలిగిన సేవ. 1855లో పోటీపరీక్ష ద్వారా భారతీయులకు ఇందులో ప్రవేశం లభించింది. ఆ ఏడాదే బెంగాలుకు చెందిన సూర్జో కుమార్ గుడీవ్ చక్రవర్తి ఎంపికయ్యారు. చట్టం దృష్టిలో తలుపు తెరుచుకున్నట్టే. అయితే పరీక్ష జరిగేది లండనులో. సముద్రయానానికీ, అక్కడి చదువుకూ, నివాసానికీ డబ్బు సమకూర్చుకోగలిగిన కుటుంబాలు ఎన్ని? అందువల్ల పందొమ్మిదో శతాబ్దం ముగిసేవరకూ ఈ సేవలో యూరోపియన్లదే ఆధిక్యం.

ఈ సేవకు దిగువన మిలిటరీ అసిస్టెంట్ సర్జన్లు ఉండేవారు. వీరిలో ఎక్కువమంది ఆంగ్లో-ఇండియన్లు. సివిల్ అసిస్టెంట్ సర్జన్లుగానూ, అన్నింటికన్నా దిగువన హాస్పిటల్ అసిస్టెంట్లుగానూ భారతీయులు ఉండేవారు. కట్టు కట్టడం, మందు కలపడం, మత్తు ఇవ్వడం, రాత్రంతా రోగిని కనిపెట్టుకుని ఉండడం వంటి పనుల్లో అధికభాగం కింది మెట్టువారిది. కత్తి పట్టడం, నివేదిక రాయడం, దాని మీద సంతకం చేయడం పై మెట్టువారి పని. చదువు, నైపుణ్యం ఈ మెట్లను కొంత దాటించగలిగినా పుట్టుక గీసిన గీత మాత్రం చెరగలేదు.

హైదరాబాదు స్వదేశీ సంస్థానం కాబట్టి అక్కడి పరిస్థితి కొంత భిన్నం. డబ్బు నిజాముది, ఆసుపత్రులు నిజాము ప్రభుత్వానివి. రెసిడెన్సీ సర్జన్ మాత్రం బ్రిటిషు సేవకు చెందిన అధికారి. ఆయనే నగరంలోని వైద్యవిద్యకు కూడా పెద్దగా వ్యవహరించేవారు. ఒక కాలు కోఠీలోని రెసిడెన్సీలో, మరో కాలు నిజాము దవాఖానాలో ఉన్న ఈ ఉద్యోగమే లారీకి ఇతర జిల్లాల సర్జన్లకు దొరకని స్వేచ్ఛను ఇచ్చింది.

3. హైదరాబాదు వైద్య పాఠశాల

నాలుగో నిజాం నాసిరుద్దౌలా కాలంలో, 1846లో, హైదరాబాదు వైద్య పాఠశాల మొదలైంది. రెసిడెన్సీ సర్జన్ విలియం కాంప్‌బెల్ మాక్లీన్ దాని తొలి నిర్వాహకుడు. బోధనాభాష ఉర్దూ. పాశ్చాత్య శరీరశాస్త్రాన్ని, శస్త్రవైద్యాన్ని దేశభాషలో నేర్పిన తొలి ప్రయత్నాలలో ఇది ఒకటి. ఉత్తీర్ణులైన వారికి 'హకీమ్' అనే పట్టా ఇచ్చేవారు. యూనానీ సంప్రదాయంలో గౌరవమున్న మాటనే కొత్త వైద్యానికీ వాడడం గమనించదగినది.

ఎడిన్‌బరోలో చదివి, లాహోరులో శస్త్రవైద్యం బోధించిన లారీ 1885లో ఇక్కడికి వచ్చారు. ఆయన రాకతో బోధనాభాష ఇంగ్లీషుగా మారింది. ఈ మార్పును ఒకే కోణంలో చూడలేము. ఇంగ్లీషు వచ్చిన విద్యార్థికి లాన్సెట్ వంటి పత్రికలు నేరుగా అందాయి, పై చదువులకు బ్రిటన్ వెళ్ళే అవకాశం ఏర్పడింది. అదే సమయంలో నాలుగు దశాబ్దాలుగా ఉర్దూలో పెరుగుతున్న వైద్య వాఙ్మయం ఆగిపోయింది. తెలుగు మాట్లాడే రోగి స్థితి మారలేదు. ఉర్దూ కాలంలోనూ, ఇంగ్లీషు కాలంలోనూ ఆ రోగి బాధ మరో భాషలోకి మారిన తరువాతే శస్త్రవైద్యుని చెవికి చేరింది. ఈ మధ్యవర్తిత్వాన్ని నిర్వహించినది కూడా కింది మెట్టులోని స్థానిక సిబ్బందే.

పాఠశాలలో స్త్రీలకు ప్రవేశం లభించడం ఈ దశలోని మరో ముఖ్య పరిణామం. పార్సీ కుటుంబానికి చెందిన రూపాబాయి ఫర్దూన్‌జీ ఆ తొలి విద్యార్థినులలో ఒకరు. ఆమె 1889లో హకీమ్ పట్టా పొందారు.

4. క్లోరోఫారం వివాదం: శ్వాసా, గుండెా?

లారీ వృత్తిజీవితాన్ని అర్థం చేసుకోవాలంటే ఆనాటి శాస్త్రవివాదాన్ని తెలుసుకోవాలి. 1847లో ఎడిన్‌బరోలో జేమ్స్ యంగ్ సింప్సన్ క్లోరోఫారాన్ని మత్తుమందుగా వాడుకలోకి తెచ్చారు. కొద్ది నెలలకే, 1848 జనవరిలో, ఉత్తర ఇంగ్లండులో హన్నా గ్రీనర్ అనే పదిహేనేళ్ళ బాలిక కాలిగోరు చికిత్స కోసం మత్తు తీసుకుంటూ మరణించింది. అప్పటినుంచి వైద్యలోకం రెండుగా చీలింది. క్లోరోఫారం నేరుగా గుండెను ఆపగలదని జాన్ స్నో వంటివారు భావించారు. ఎడిన్‌బరో శస్త్రవైద్యుడు జేమ్స్ సైమ్ బోధన వేరు. నాడిని పట్టుకుని కూర్చోవడం వృథా, శ్వాసను గమనించాలి, శ్వాస సక్రమంగా సాగినంతవరకు ప్రమాదం లేదు అన్నది ఆయన మాట. 1880లో గ్లాస్గో కమిటీ గుండె పక్షానికి బలం చేకూర్చే ఫలితాలను ప్రకటించింది.

లారీ సైమ్ శిష్యుడు. గురువు సూత్రాన్ని హైదరాబాదు శస్త్రచికిత్స గదిలో నియమంగా మార్చారు. రోగి దుస్తులు వదులుగా ఉండాలి, మెడ, పొట్ట స్వేచ్ఛగా కదలాలి. మత్తు ఇచ్చేవారి దృష్టి శ్వాస మీదినుంచి తొలగరాదు. కంటిపాప తాకినా స్పందించని స్థితి వచ్చిందంటే మత్తు చాలినట్టు, మందు ఆపాలి. ఈ పనికి ఆయన తన విద్యార్థులను సిద్ధం చేశారు. బ్రిటనులో మత్తుమరణాల వార్తలు పత్రికలలో వస్తుండగా, తన దగ్గర తర్ఫీదు పొందిన వారి చేతుల్లో వేలాది చికిత్సలు క్షేమంగా ముగిశాయని ఆయన వాదించారు.

ఈ వాదనలో రెండు అంశాలు కలగలిసి ఉన్నాయి. ఒకటి గురువు సిద్ధాంతం మీద విశ్వాసం. రెండోది, అంతగా గుర్తింపు పొందనిది, స్థానిక విద్యార్థుల నైపుణ్యానికి సంబంధించిన సాక్ష్యం. వలస సేవ కింది మెట్టులో ఉంచిన చేతులు లండను ఆసుపత్రులలోని చేతులకన్నా సురక్షితంగా మత్తు ఇస్తున్నాయనే మాట ఆ వాదనలోనే ఇమిడి ఉంది. జాతి ఆధారంగా సామర్థ్యాన్ని లెక్కించే కాలంలో అది చిన్న మాట కాదు.

5. రెండు కమిషన్లు

1888లో మొదటి హైదరాబాదు క్లోరోఫారం కమిషన్ వీధికుక్కల మీద ప్రయోగాలు చేసింది. ప్రతిసారీ గుండె కన్నా ముందు శ్వాసే ఆగిందని తేల్చింది. లాన్సెట్ ఈ ఫలితాలను సందేహించింది. గ్లాస్గో కమిటీ నిర్ధారణలకు విరుద్ధంగా ఉన్న ఈ నివేదికను యథాతథంగా అంగీకరించడానికి సిద్ధపడలేదు.

దీనికి లారీ ఇచ్చిన సమాధానం అసాధారణమైనది. లాన్సెట్ తానే ఒక నిపుణుని ఎంపిక చేసి పంపాలి, ఖర్చు నిజాం ప్రభుత్వం భరిస్తుంది అన్నారు. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ప్రభుత్వం ఇందుకు వెయ్యి పౌండ్లు కేటాయించింది. లండనులోని సెయింట్ బార్తలోమ్యూ ఆసుపత్రికి చెందిన థామస్ లాడర్ బ్రంటన్ ఎంపికయ్యారు. గుండెనొప్పికి అమైల్ నైట్రైట్ వాడకాన్ని 1867లో ప్రకటించిన ప్రసిద్ధ వైద్యుడు ఆయన. క్లోరోఫారం గుండెను దెబ్బతీయగలదనే అభిప్రాయంతోనే హైదరాబాదుకు వచ్చారు.

రెండో కమిషన్ 1889 చివరి నెలలలో పనిచేసింది. లారీ అధ్యక్షుడు. బ్రంటన్, సర్జన్-మేజర్ బొంఫర్డ్, డాక్టర్ రుస్తంజీ హకీమ్ సభ్యులు. కుక్కలు, గుర్రాలు, కోతులు, మేకలు, పిల్లులు, కుందేళ్ళు కలిపి దాదాపు ఐదు వందల జంతువుల మీద ప్రయోగాలు జరిగాయి. వాటిలో వందకు పైగా ప్రయోగాలలో రక్తపీడనాన్ని యంత్రంతో నమోదు చేసి, ఆ రేఖలను ఛాయాచిత్రాలుగా భద్రపరిచారు. బ్రంటన్ తన అభిప్రాయాన్ని మార్చుకున్నారు. ప్రమాదం ఊపిరాడకపోవడం వల్ల, మోతాదు మించడం వల్ల వస్తుందే తప్ప గుండె మీద నేరుగా పడే ప్రభావం వల్ల కాదని లాన్సెట్‌కు తంతి పంపారు. 1890లో ఆ పత్రిక నివేదికను వరుసగా ప్రచురించింది.

ఈ ఘటనలోని అధికార సంబంధాన్ని గమనించాలి. డబ్బు హైదరాబాదుది, ఆసుపత్రి హైదరాబాదుది, విద్యార్థుల శ్రమ హైదరాబాదుది. ఫలితం విశ్వసనీయమవ్వడానికి మాత్రం లండను నుంచి ఒక సాక్షి రావాలి. తెల్లజాతికి చెందిన అధికారి అయినా, వలస ప్రాంతంలో పనిచేస్తున్నందున లారీ మాట కూడా కేంద్రం దృష్టిలో పూర్తి విలువ పొందలేదు. ఆయన మాటకే అంత తూకం తక్కువైతే, ఆయన కింద పనిచేసిన వారి మాటకు ఎంత తూకం ఉండి ఉంటుందో ఊహించడం కష్టం కాదు.

6. పేరు మిగిలినవారు, మిగలనివారు

రెండో కమిషన్ సభ్యులలో భారతీయుడు రుస్తంజీ హకీమ్ ఒక్కరే. రూపాబాయి పేరు ఆమె తరువాతి కృషి వల్ల కొంత మిగిలింది. ఆమె లారీ దగ్గర క్లోరోఫారం ఇవ్వడంలో ఆరితేరారు. 1909లో ఎడిన్‌బరో వెళ్ళి భౌతిక, రసాయన శాస్త్రాలు చదివారు. మత్తువైద్యానికి ప్రత్యేక పట్టా లేని కాలంలో, ఆవిరినీ మోతాదునూ అర్థం చేసుకోవడానికి అవసరమైన శాస్త్రాలను ఎంచుకున్నారు. చాదర్‌ఘాట్ ఆసుపత్రి సూపరింటెండెంటు హోదాలో 1920లో ఉద్యోగ విరమణ చేశారు. ఇంగ్లండు వంటి దేశాలలో స్త్రీలకు వైద్యవృత్తే వివాదంగా ఉన్న రోజుల్లో హైదరాబాదులో ఒక స్త్రీ మత్తువైద్యాన్ని జీవితవృత్తిగా స్వీకరించడం చిన్న విషయం కాదు.

మిగిలినవారి సంగతి వేరు. జంతువులను పట్టి తెచ్చినవారు, వాటిని బల్లకు కట్టినవారు, గంటల తరబడి శ్వాసను లెక్కించినవారు, ఆసుపత్రిలో రోజూ మత్తు ఇచ్చిన హాస్పిటల్ అసిస్టెంట్లు 'సిబ్బంది', 'విద్యార్థులు' అనే సమూహ పదాలలో కలిసిపోయారు. 'వేలాది చికిత్సలు' అనే సంఖ్య వెనుక ఉన్న రోగులకు అసలే పేర్లు లేవు.

ఇదే ప్రాంతంలో ఎనిమిదేళ్ళ తరువాత జరిగిన మరో ఘటన దీనికి పోలిక. 1897 ఆగస్టు 20న సికింద్రాబాదు బేగంపేటలో రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని చూశారు. ఆ దోమలు కుట్టినది హుస్సేన్ ఖాన్ అనే రోగిని. ఒక్కో దోమకాటుకు ఒక అణా చొప్పున ఆయనకు ముట్టింది. రాస్‌కు 1902లో నోబెల్ బహుమతి వచ్చింది. హుస్సేన్ ఖాన్ పేరు కనీసం నమోదైంది. క్లోరోఫారం రోగుల విషయంలో ఆ మాత్రం కూడా జరగలేదు.

7. సిద్ధాంతం ఓడింది, జాగ్రత్త నిలిచింది

లారీ సిద్ధాంతం కాలపరీక్షకు నిలవలేదు. మాక్‌విలియం ప్రయోగాలు, తరువాత కేంబ్రిడ్జిలో 1893లో వెలువడిన గాస్కెల్, షోర్ పరిశోధన క్లోరోఫారం గుండెను నేరుగా బలహీనపరుస్తుందని చూపాయి. 1911లో గుడ్‌మన్ లెవీ, తేలికపాటి మత్తులో ఉన్న పిల్లులలో గుండె కింది గదులు లయతప్పి కొట్టుకుని హఠాన్మరణం సంభవించడాన్ని రుజువు చేశారు. మత్తు ఎక్కువైనప్పుడే ప్రమాదం అనే హైదరాబాదు నిర్ధారణకు ఇది గట్టి దెబ్బ. విమర్శలు వచ్చినా లారీ తన మాటను సడలించలేదు. 1901లో లండనులో ప్రచురించిన క్లోరోఫారం కరదీపికలోనూ అదే బోధనను కొనసాగించారు. గురుభక్తి ఆయన చేత ప్రయోగాలు చేయించింది. ఆ ప్రయోగాల హద్దులను చూడనీయనిది కూడా అదే.

మరి హైదరాబాదులో వచ్చిన మంచి ఫలితాలకు కారణమేమిటి? వేడి వాతావరణంలో, గాలి ధారాళంగా ఆడే గదులలో, తెరిచిన గుడ్డ మీద పోసిన క్లోరోఫారం ఆవిరి త్వరగా పలచబడుతుంది. అది ఒక కారణమై ఉండవచ్చు. శ్వాస మీదినుంచి దృష్టి మరల్చని మత్తువైద్యుని శ్రద్ధ మరో కారణం. సిద్ధాంతం పొరపాటైనా, శ్వాసమార్గాన్ని కాపాడాలనే ఆచరణ సరైనది. నేటి మత్తువైద్యుడు కూడా మొదట చూసేది దాన్నే. మరో మాటలో చెప్పాలంటే, హైదరాబాదు కమిషన్లలో కాలానికి నిలిచిన భాగం గురువు సిద్ధాంతం కన్నా శిష్యుల చేతిపనే. చరిత్ర సిద్ధాంతానికి పేరు పెట్టింది, చేతిపనికి పెట్టలేదు.

8. పోలికలు: మద్రాసు, కేప్‌టౌన్

హైదరాబాదులో స్థానిక విద్యార్థులు గురువుకు విధేయులుగా ఉన్నంతవరకు వారి నైపుణ్యం ప్రశంస పొందింది. విధేయత చెడితే ఏమవుతుందో చూపే ఉదాహరణ మద్రాసులో కనిపిస్తుంది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు మద్రాసు వైద్య కళాశాలలో చదివేటప్పుడు, గాంధీ పిలుపుకు స్పందించి శస్త్రచికిత్స తరగతికి ఖాదీ దుస్తులు ధరించారు. శస్త్రవైద్య ఆచార్యుడు బ్రాడ్‌ఫీల్డ్‌కు అది నచ్చలేదు. రాతపరీక్షలలో రాణించినా సుబ్బారావుకు ఎం.బి.బి.ఎస్. పట్టాకు బదులు దానికన్నా తక్కువదైన ఎల్.ఎం.ఎస్. మాత్రమే దక్కింది. ప్రభుత్వ వైద్యసేవలో చోటు దొరకక, ఆచంట లక్ష్మీపతి నడిపిన ఆయుర్వేద కళాశాలలో శరీరశాస్త్రం బోధించి, చివరకు అమెరికా వెళ్ళారు. అక్కడ ఆయన చేసిన జీవరసాయన పరిశోధన జగద్విదితం. ఒక గుడ్డ ముక్క నేతను బట్టి శస్త్రవైద్య పట్టా చేజారిన ఘటన, వలస వైద్యవిద్యలో నైపుణ్యానికన్నా లోబడి ఉండడానికే ఎక్కువ విలువ ఉండేదని తెలుపుతుంది.

చరిత్రకారునికి హెచ్చరిక వంటి ఉదంతం దక్షిణాఫ్రికాది. కేప్‌టౌన్ విశ్వవిద్యాలయంలో తోటమాలిగా చేరిన హామిల్టన్ నాకీ, జాతివివక్షా చట్టాల కాలంలో, ప్రయోగశాలలో జంతువులకు అవయవమార్పిడి చేయడంలో నిపుణుడై ఎందరో శస్త్రవైద్యులకు ఆ విద్య నేర్పారు. 1991లో ఆయన తోటమాలి పింఛనుతోనే విరమించారు. 2005లో ఆయన మరణించినప్పుడు, 1967లో క్రిస్టియన్ బర్నార్డ్ చేసిన తొలి మానవ హృదయమార్పిడిలో కూడా ఆయన పాల్గొన్నారని ప్రపంచ ప్రసిద్ధ పత్రికలు రాశాయి. తరువాత అది నిజం కాదని సవరణలు ప్రచురించాయి. మరుగునపడిన శ్రమకు న్యాయం చేయాలనే తొందరలో లేని ఘనతను అంటగట్టడంవల్ల ఉన్న ఘనతకు కూడా మచ్చ వచ్చింది.

రూపాబాయిని 'ప్రపంచపు తొలి మహిళా మత్తువైద్యురాలు' అని పేర్కొనే సందర్భాలలో ఈ హెచ్చరికను గుర్తుంచుకోవాలి. 'తొలి' అనే బిరుదు నిలిచినా నిలవకపోయినా ఆమె మూడు దశాబ్దాల కృషి విలువ తగ్గదు.

9. ముగింపు

ఈ పరిశీలన నుంచి తేలిన అంశాలు ఇవి.

- వలస వైద్యసేవలో జాతిరేఖ ఉద్యోగప్రవేశం దగ్గర ఆగిపోలేదు. పని విభజనలోనూ, నివేదిక రచనలోనూ, ఫలితాన్ని నమ్మే విధానంలోనూ కొనసాగింది.
- లారీ ఆ రేఖకు లబ్ధిదారు. అయినా తన వాదన కోసం స్థానిక విద్యార్థుల సామర్థ్యానికి బలమైన సాక్ష్యాన్ని అందించారు. ఆయనను కేవలం ఉదారవాదిగానో, కేవలం అధికారిగానో చిత్రించడం సరికాదు.
- హైదరాబాదు కమిషన్ల సిద్ధాంతం తప్పింది, ఆచరణ నిలిచింది. ఆ ఆచరణ సమష్టి శ్రమ ఫలితం.
- మరుగునపడిన పేర్లను వెలికితీసే ప్రయత్నం ఆధారాల హద్దులో సాగినప్పుడే ఆ వ్యక్తులకు నిజమైన గౌరవం.

ఈనాడు చౌటుప్పల్ ఉన్న యాదాద్రి భువనగిరి జిల్లాలోనే, బీబీనగర్‌లో, అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థ నడుస్తున్నది. నూట ముప్పై ఏళ్ళ క్రితం రాజధాని బాట పట్టిన రోగుల ప్రాంతం ఇప్పుడు శస్త్రవైద్యులను తయారుచేసే స్థలమైంది. జిల్లా దవాఖానాల పాత దస్త్రాలలో, తెలంగాణ రాష్ట్ర అభిలేఖాగారంలోని నిజాం ప్రభుత్వ వైద్యశాఖ పత్రాలలో, జీతాల పట్టీలలో వెతకదగిన పేర్లు ఇంకా ఉన్నాయి. నివేదికల మీద సంతకాలను చదివిన చరిత్ర ఇకనైనా జీతాల పట్టీలను చదవాలి. క్లోరోఫారం గుడ్డ పట్టుకున్న చేతుల జాడ అక్కడే దొరుకుతుంది.